ఎడమ చెవి ఒప్పందం

చిల్‌బోక్ పిల్లిని తల మీద కొట్టడు. ముందు నడుము మీద కొడతాడు. నడుము విరిగిన పిల్లి పరుగెత్తలేదు, ముందు కాళ్లతో పాకుతుంది. అప్పుడు దగ్గరికి వెళ్లి రెండో దెబ్బ వేస్తాడు. ఆ పని కోసమే ఒక వెదురు గెడ చివర సీసం ముక్క కట్టి, ఎండుచేపల తడికెల కింద దాచుకున్నాడు.

రెండు కొట్ల అవతల కూర్చున్న ఇమ్‌సున్ తల ఎత్తకుండానే ఆ చప్పుళ్లను గుర్తుపడుతుంది. మొదటి దెబ్బ తర్వాత అరుపు ఉంటుంది. రెండోదాని తర్వాత ఉండదు.

ముల్గ్యోల్ బజారు కొరియాలోని బుసాన్ రేవు వెనక సందుల్లో ఉంది. ఇమ్‌సున్ అక్కడ బతికున్న మలుగు చేపలకు తోలు ఒలిచి అమ్ముతుంది. చేప తలను చెక్క మీదున్న మేకుకు గుచ్చుతుంది, మెడ చుట్టూ కత్తితో గీస్తుంది, తోలును ఒక్క లాగుతో తోక దాకా లాగేస్తుంది. తోలు పోయాక కూడా చేప పళ్లెంలో మెలితిరుగుతూనే ఉంటుంది. అలా తిరిగితేనే జనం కొంటారు. పెళ్లయి ఆ బజారుకు వచ్చినప్పటి నుంచి ఆమెకు అదే పని. అలాంటి మనిషి పిల్లుల్ని కాపాడతానని బోను పట్టుకుంటే బజారు నవ్వింది.

“పొద్దున్నుంచీ ప్రాణమున్నవాటి తోలు తీస్తావు. పిల్లుల మీద నీకు జాలేమిటక్కా?” అంది పక్క కొట్టులో ఆక్టోపస్‌లు అమ్మే దోక్‌జా.

“ఇవి తినడానికి. ఆయన కొట్టి పారేసేవి ఎవరు తింటున్నారు?” అంది ఇమ్‌సున్.

చిల్‌బోక్ బాధ కూడా అబద్ధం కాదు. గండుపిల్లి ఒకటి తడికె ఎక్కి ఉచ్చ పోస్తే ఆ తడికె మీది నాలుక చేపలన్నీ పారబోయాలి. ఆ వాసన కడిగితే పోదు. అతని తండ్రి కూడా అక్కడే చేపలు ఎండబెట్టాడు, అతను కూడా పిల్లుల్ని కొట్టాడు. పిల్లులు మాత్రం తగ్గలేదు. కొట్టిన చోటికి పక్క సందు నుంచి కొత్తవి వచ్చాయి, వచ్చి ఈనాయి.

చివరికి మంచు గడ్డల కొట్టు మేడ మీద బజారు సంఘం కూర్చుని ఒప్పందం చేసింది. ఇమ్‌సున్ బోను పెట్టి పిల్లుల్ని పట్టాలి. నగరపాలక సంస్థ నియమించిన పశువుల డాక్టర్ వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తుంది, మత్తులో ఉండగానే గుర్తుగా ఎడమ చెవి కొన తిన్నగా కోస్తుంది. ఆపరేషన్ అయిన పిల్లిని పట్టిన చోటే వదలాలి. ఎడమ చెవి కోసి ఉన్న పిల్లి మీద చిల్‌బోక్ గెడ ఎత్తకూడదు. ఏటా చలిగాలి మొదలై తడికెల మీదికి చేపలు ఎక్కిన రోజు దాకా చెవి కోయని పిల్లి ఇమ్‌సున్‌ది. ఆ రోజు నుంచి అది చిల్‌బోక్‌ది.

చిల్‌బోక్ మాట తప్పలేదు. చెవి కోసిన నల్లపిల్లి ఒకటి అతని కళ్లముందే నాలుక చేపను నోట కరుచుకుంది. అతను గెడ ఎత్తాడు, చెవి చూశాడు, గెడ దించాడు.

“సర్కారు సంతకం ఉందిగా, తిను తల్లీ, తిను. ఉల్లికారం కూడా వేసి పెట్టనా?” అన్నాడు.

బజారంతా నవ్వింది. ఇమ్‌సున్ కూడా నవ్వింది. రెండు చలికాలాలు అలా గడిచాయి. కూనలు తగ్గాయి, గెడ చప్పుడు తగ్గింది.

మూడో చలికాలానికి ముందు ఇమ్‌సున్ బోనులో చారల పిల్లి పడింది. ఆమె దాన్ని డాక్టర్ దగ్గరికి మోసుకెళ్లింది. డాక్టర్ దాని పొట్ట చూసి బోను తలుపు మళ్లీ వేసేసింది.

“ఇది బాలింత. కూనలు ఎక్కడో పాలకు ఎదురుచూస్తున్నాయి. ఇప్పుడు ఆపరేషన్ చేయకూడదు, నిబంధన ఒప్పుకోదు. వదిలేయండి. కూనలు పాలు మానాక మళ్లీ పట్టండి.”

“అప్పటికి చలిగాలి వచ్చేస్తుంది డాక్టరమ్మా.”

“నిజమే. కానీ నేను చేయగలిగింది లేదు.”

ఇమ్‌సున్ బోను ఎత్తుకుని వెనక్కి వచ్చింది. రేవులో పడవల జెండాలు అప్పటికే దక్షిణం వైపు తిరిగి ఉన్నాయి. చిల్‌బోక్ తడికెలకు కొత్త తాళ్లు కడుతున్నాడు.

మధ్యాహ్నం బేరం తగ్గిన వేళ ఆమె బోనును కొట్టు వెనక్కి జరిపింది. లోపలి పలకను నెట్టి పిల్లిని ఒక మూలకు అదిమింది. ఎడమ చెవి కడ్డీల సందులోంచి బయటికి వచ్చింది. చేప ముళ్లు పీకే పటకారుతో దాన్ని పట్టుకుంది. మలుగు చేప మెడ గీసే కత్తితో చెవి కొన కోసింది.

ఒక్క కోతతో తెగలేదు. చెవి చేప తోలులా ఉండదని ఆమెకు అప్పుడు తెలిసింది. పిల్లి కడ్డీలను కరిచింది, పన్ను విరిగింది. దాని పంజా బయటికి వచ్చి ఆమె బొటనవేలి గోరు కింద దిగి అక్కడే ఇరుక్కుంది. ఆమె చెయ్యి లాక్కోలేదు. రెండోసారి కోసింది. ముక్క తెగి కింద పడింది. రక్తం పిల్లి కంట్లోకి కారింది.

అరుపులకు దోక్‌జా పరదా తొలగించుకుని లోపలికి వచ్చింది.

“అక్కా, ఏం చేస్తున్నావు?”

“ప్రాణం పోస్తున్నాను.”

“ప్రాణం పోస్తుంటే ఇలా అరుస్తుందా?”

“నీ చిన్నదాన్ని కన్నప్పుడు నువ్వెలా అరిచావు? రేవు దాకా వినపడింది.”

దోక్‌జా నవ్వలేదు. కింద పడిన ముక్కను చూసింది.

“డాక్టర్‌కి తెలిస్తే?”

“డాక్టర్ ఇక్కడికి రాదు. చిల్‌బోక్ వస్తాడు. ఈ చలికాలం గడిస్తే చాలు, తర్వాత దీనికి ఆపరేషన్ చేయిస్తాను. నువ్వు నోరు మూసుకో.”

చారల పిల్లిని వదిలేసింది. అది తల ఒక పక్కకు వంచుకుని తడికెల వైపు పరుగెత్తింది. అది ఎటు వెళుతోందో ఇమ్‌సున్ చూడలేదు. కూనలు ఎక్కడున్నాయో వెతకాలని కూడా అనుకోలేదు.

అవి చిల్‌బోక్ గంపల్లోనే ఉన్నాయి. చేపలు ఎక్కించే రోజు దగ్గరపడి, అటక మీది గంపలు దించుతుంటే అడుగు గంపలోని గడ్డిలో దొరికాయి. చారల పిల్లి వాటికి పాలిస్తోంది. అతను ముందు దాని చెవి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఉదయం బేరం రద్దీలో ఉండగా అతను బకెట్‌తో ఇమ్‌సున్ కొట్టు ముందుకు వచ్చాడు. బకెట్ నిండా సముద్రపు నీళ్లున్నాయి. అందులో చెయ్యి పెట్టి ఒక కూనను తీసి ఆమె తోలు ఒలిచే చెక్క మీద పడేశాడు. అది కదల్లేదు. దాని నోట్లోంచి నీళ్లు కారాయి.

“ఒలువు. దీని తోలు కూడా తీసి అమ్ము,” అన్నాడు.

బేరానికి వచ్చిన ఆడవాళ్లు వెనక్కి జరిగారు.

“అన్నా, నీ పని నువ్వు చూసుకో,” అంది ఇమ్‌సున్. ఆమె చేతిలో మలుగు చేప ఇంకా తిరుగుతోంది.

“ఆపరేషన్ అయిన పిల్లి కన్నదట, చూశావా? మీ డాక్టరు చేతి చలవ.” ఇంకో కూనను తీశాడు. అదీ చచ్చే ఉంది. చెక్క మీద మొదటిదాని పక్కన పెట్టాడు. “చెవి వంకరగా ఉంది. డాక్టరు కత్తెర తిన్నగా కోస్తుంది. ఇది నీ కత్తి. ఎన్నింటికి కోశావు?”

“ఒక్కదానికే.”

“ఒక్కదానికేనని నాకెలా తెలుస్తుంది? చెవి చూసి గెడ దించాను. నా చేపలు నా ముందే తింటుంటే దించాను. వీళ్లంతా నవ్వారు, నువ్వూ నవ్వావు. నేను దించింది నీ కత్తి గీతకా, పిల్లుల తల్లీ?”

ఇమ్‌సున్ జవాబు చెప్పేలోపే చారల పిల్లి వచ్చింది. కూనల వాసన పట్టి జనం కాళ్ల సందుల్లోంచి వచ్చి చెక్క మీదికి దూకింది. తడిసిన కూనను మెడ దగ్గర కరిచి ఎత్తబోయింది. చిల్‌బోక్ చేతిలో గెడ లేదు. పక్కన ఉన్న పెద్ద చేపల కొక్కెం అందుకుని వెనక వైపుతో నడుము మీద కొట్టాడు. పిల్లి నేల మీద పడింది. కూన దాని నోట్లోనే ఉంది. ముందు కాళ్లతో కొట్టు కిందికి పాకసాగింది. అతను వంగి రెండో దెబ్బ వేశాడు.

ఇమ్‌సున్ చెక్కలోంచి మేకు పీకింది. అతని చెయ్యి ఇంకా కొక్కెం మీదే ఉంది. మణికట్టుకు పైన, రెండు ఎముకల మధ్య గుచ్చింది. మేకు అటువైపు బయటికి వచ్చింది. అతను అరిచి వెనక్కి పడ్డాడు, మలుగు చేపల తొట్టి బోర్లా పడింది. చేపలు రక్తంలో, నీళ్లలో, కూనల మీద పాకాయి. ఆమె అతని ఛాతీ మీద మోకాలు పెట్టి మేకు లాగి మళ్లీ ఎత్తింది. దోక్‌జా వెనక నుంచి ఆమె జుట్టు పట్టి లాగింది. ఇద్దరు కూలీలు చేతులు పట్టుకున్నారు.

“వదులక్కా, చచ్చిపోతాడు. ఒక పిల్లి కోసం మనిషిని చంపుతావా?” అంది దోక్‌జా.

ఇమ్‌సున్ మేకు వదల్లేదు. దోక్‌జా ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది.

సాయంత్రం సంఘం మళ్లీ కూర్చుంది. సంఘం పెద్ద పోలీసులను పిలుద్దామన్నాడు. చిల్‌బోక్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“పోలీసులు వద్దు. ఈమె స్టేషన్లో కూర్చుంటే నాకు పిల్లుల్ని ఎవరు చూపిస్తారు?” అన్నాడు.

“చూపించడమేమిటి?” అన్నాడు సంఘం పెద్ద.

“చెవి మీద నాకిక నమ్మకం లేదు. నాకు కడుపు కావాలి. చెవి తెగిన ప్రతి పిల్లినీ పట్టి నా ముందుకు తేవాలి, కడుపు మీద కుట్టు చూపించాలి. గండుపిల్లి అయితే కుట్టు అక్కర్లేదు, ఎక్కడ చూడాలో నాకు తెలుసు. కుట్టున్నది బతుకుతుంది, లేనిది నాది. ఒక్కదాన్ని దాచిందని తెలిసినా అన్నీ నావే. చేపలు ఎక్కించే రోజు దాకా ఆగుతాను.”

అందరూ ఇమ్‌సున్ వైపు చూశారు. ఒక్క చెవి కోసి ఆమె అన్ని చెవులనూ అబద్ధం చేసింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“చూపిస్తాను,” అంది.

ఒకసారి బోనులో పడ్డ పిల్లి మళ్లీ బోనులోకి వెళ్లదు. ఇమ్‌సున్ కానాగంత చేప పెట్టింది, వేయించిన కోడి పెట్టింది. నల్లపిల్లి బోను పక్కనే కూర్చుని ముఖం కడుక్కుంది. ఇక చేతులతో పట్టడమే మిగిలింది.

మందపాటి రబ్బరు తొడుగులతో మొదలుపెట్టింది. తొడుగుల్లో పట్టు తెలియడం లేదు. వాటిని తీసేసింది. నల్లపిల్లి మెడ పట్టుకోగానే అది వెనక్కి తిరిగి ఆమె బొటనవేలి మొదట్లో కరిచింది. పళ్లు ఎముకకు తగిలాయి. ఆమె పట్టు వదల్లేదు, అదీ వదల్లేదు. ఇద్దరూ అలాగే చిల్‌బోక్ కొట్టు దాకా వెళ్లారు. అతను కళ్లజోడు పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. దోక్‌జా కాళ్లు పట్టుకుంది. ఇమ్‌సున్ నీళ్లు చల్లి పొట్ట మీది వెంట్రుకలు పాయ తీసింది. సన్నటి తెల్లగీత కనిపించింది.

“ఉంది,” అన్నాడు చిల్‌బోక్.

పిల్లిని వదిలాకే ఆమె వేలు బయటికి వచ్చింది.

మర్నాటికి చెయ్యి మోచేతి దాకా వాచింది. దోక్‌జా సోజు సారా పోసి కడిగి గుడ్డ చుట్టింది. ఇమ్‌సున్ మళ్లీ వెళ్లింది. వలతో ఒకదాన్ని పట్టింది. పైకప్పు రేకుల కింద పడుకుని ఒకదాన్ని తోక పట్టి లాగింది, అది ఆమె కనుబొమ చీల్చింది. మంచు గడ్డల సంచిలో దూరినదాన్ని సంచితో సహా తెచ్చింది. గండుపిల్లుల్ని వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు బజారు మొత్తం చుట్టూ చేరింది.

“కాళ్లు విడదియ్యి,” అన్నాడు చిల్‌బోక్.

“సిగ్గు లేదా అన్నా?” అంది దోక్‌జా.

“నాకా, దానికా?”

ఆ గండుపిల్లి తల తిప్పి అతని ముఖం మీద కొట్టింది. కళ్లజోడు ఎగిరి కాలువలో పడింది, ఒక అద్దం పగిలింది, రెండోది దొరకలేదు. అతని చెంప మీది గీతల్లోంచి రక్తం మెడ దాకా కారింది. “ఖాళీయే. వదిలేయండి,” అని మాత్రం అన్నాడు.

చూపించిన ప్రతిదానికీ ఆపరేషన్ అయి ఉంది. ఇంకొక్కటి మిగిలింది. అది బూడిదరంగు మచ్చల తెల్లపిల్లి, మంచు కొట్టు మెట్ల కింద ఉండేది. దాన్ని పట్టకముందే ఒక పొద్దున్న చలిగాలి కొట్టింది. చిల్‌బోక్ చేపలు ఎక్కించాడు.

ఇమ్‌సున్ ఆ పొద్దున్నే దాన్ని మెట్ల కింద మూలకు తరిమి మెడ పట్టి లాగింది. ఛాతీకి అదుముకుని నడుస్తూ, అలవాటుగా వేలితో పొట్ట తడిమింది. గీత తగల్లేదు. ఆగింది. మళ్లీ తడిమింది. తర్వాత ఎడమ చెవి అంచు పట్టుకుని చూసింది. అంచు తిన్నగా లేదు. గట్టిపడి, రెండు చోట్ల గాడి పడి ఉంది. ఎప్పుడో పోట్లాటలో చినిగిన చెవి అది. ఈ పిల్లి బోనులో ఎన్నడూ పడలేదు. అర చెవి చూసి దీనికి ఆపరేషన్ అయిపోయిందని ఆమె అనుకుంది. చిల్‌బోక్ కూడా అలాగే అనుకుని రెండు చలికాలాలు గెడ దించాడు.

అతను తడికెల ముందు నిలబడి ఉన్నాడు. గెడ ఎడమ చేతిలో ఉంది.

“ఇదేనా ఆఖరుది?”

“ఇదే.”

అతను వంగి చూశాడు, కళ్లు చికిలించాడు, పొట్ట మీద వేలు పెట్టాడు. పిల్లి బుస కొట్టింది. వేలు తీసేశాడు.

“కళ్లజోడు లేదు. నాకేమీ కనపడడం లేదు. నువ్వే చెప్పు. కుట్టు ఉందా?”

దోక్‌జా ఇమ్‌సున్ ముఖం చూసింది. ఉందని చెప్పమన్నట్టు కళ్లతో సైగ చేసింది.

“లేదు. చెవి కోసింది కాదు, చినిగింది. ఇన్నాళ్లూ నేను చూసుకోలేదు,” అంది ఇమ్‌సున్.

చిల్‌బోక్ తడికెల వైపు చూశాడు. తర్వాత గెడ ఎత్తాడు.

“చేపలు ఎక్కాయి. అయితే ఇది నాది. కింద వదులు.”

“వదలను.”

“మాట మాటే.”

“మాట మాటే. నీదే. కొట్టుకో. నేను మాత్రం వదలను.”

ఆమె రెండు చేతులూ పిల్లి చుట్టూ బిగించి వంగింది. అతను కొట్టాడు. ఎడమ చేతి దెబ్బ కాబట్టి గురి తప్పింది, సీసం ముక్క ఆమె మెడ పక్కన ఎముక మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు దోక్‌జాకు కూడా వినిపించింది. పిల్లి బెదిరి ఆమె ఛాతీలో పళ్లు దించింది. ఇమ్‌సున్ మోకాళ్ల మీద పడింది. చేతులు విడిపోలేదు.

“వదులు,” అన్నాడు చిల్‌బోక్.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపినందుకు నొప్పి లేచి వాంతి చేసుకుంది. అతను ఈసారి రెండు చేతులతో గెడ పట్టుకుని కొట్టాడు. దెబ్బ వీపు మీద పడింది. మేకు దిగిన గాయం పగిలి కట్టు ఎర్రబడింది. గెడ అతని చేతుల్లోంచి జారిపోయింది. తీసుకోవడానికి వంగాడు. వేళ్లు ముడుచుకోలేదు.

గెడ పక్కనే కూర్చుండిపోయాడు.

“ఎందుకు లేదన్నావు? ఉందంటే నమ్మేవాణ్ణి కదా,” అన్నాడు.

“తెలుసు.”

“తెలిసి ఎందుకన్నావు?”

“దీన్ని దాస్తే అన్నీ నీవే అన్నావుగా. ఇది వచ్చే వేసవికి నీ గంపల్లో ఈనేది. అప్పుడేం చెప్పను?”

దోక్‌జా బోను తెచ్చి ఇమ్‌సున్ ఒడికి ఆనించింది. పిల్లిని లోపలికి నెట్టడానికి ముగ్గురూ కావలసి వచ్చింది. తలుపు పడింది. దోక్‌జా ఇద్దరినీ చూసింది.

“ముందు ఆసుపత్రికి పదండి. మిమ్మల్ని చూస్తే ఇక్కడ ఎవరూ చేపలు కొనరు,” అంది.

“ముందు డాక్టర్ దగ్గరికి,” అంది ఇమ్‌సున్. లేచి బోను పిడి పట్టుకుంది. ఒక చెయ్యి పైకి లేవలేదు. బోను కూడా లేవలేదు.

“నా పిల్లిని ఎక్కడికి తీసుకెళతావు?” అన్నాడు చిల్‌బోక్.

“ఆపరేషన్‌కి. కావాలంటే నువ్వూ రా.”

అతను పిడికి రెండో పక్కన తన ఎడమ చెయ్యి వేశాడు. ఇద్దరూ బోనును మధ్యలో వేలాడేసుకుని సందు ఎక్కారు. పిల్లి అడుగడుక్కీ కడ్డీల మీదికి దూకుతూ ఉంది.

“నీ వైపు దించకు, నా కాలు గీరుతోంది.”

“గీరనీ అన్నా. నీ మీద దానికేం ప్రేమ ఉంటుంది?”

“నీ మీద ఉందేమిటి? నీ రొమ్ము చూసుకో.”

డాక్టర్ తలుపు తీసి బోనును చూసింది, తర్వాత ఇద్దరి బట్టలు చూసింది. ఎవరికి ఏమైందని అడిగింది. ఇమ్‌సున్ గోడకు ఆనుకుంది.

“మాకేం కాలేదు. ముందు దీనికి చేయండి,” అన్నాడు చిల్‌బోక్. “చెవి మాత్రం నేను చూస్తుండగా కోయాలి.”